గృహరక్షకులు – వారి గృహములు

మామిడికాయల కాలమున మా మైలవరములో విజయవాడకును నూజివీడునకును పోవు లారీల నడుమ, ఖాకీ దుస్తులతో ఎండలో నిలిచి దారి చూపువారి నందఱును పోలీసులనియే తలంతురు. వారిలో హోంగార్డులును గలరు. హోంగార్డు పోలీసు కాడు. చట్టము ననుసరించి స్వచ్ఛంద సేవకుడు. ఈ పేరు వారికెట్లు వచ్చినదో, దాని ఫలమును వారి యిల్లాండ్రెట్లు భరించుచున్నారో మన మెఱుగవలసి యున్నది.

పౌరులు పోలీసులకు తోడ్పడుట క్రొత్త గాదు. 1848లో లండను నగరమున చార్టిస్టుల మహాసభకు వెఱచి, ప్రభుత్వము వేలకొలది పౌరులచే ప్రత్యేక కాన్‌స్టేబుళ్లుగా ప్రమాణము చేయించెను. తరువాత ఫ్రాన్సు చక్రవర్తి యైన లూయీ నెపోలియనును వారిలో నొకడు. మన దేశపు 1861 నాటి పోలీసు చట్టమును అట్టి నియామకములకు వీలు కల్పించెను.

హోంగార్డుల దళము 1946 డిసెంబరు 6వ తేదీన బొంబాయిలో పుట్టినది. మతకలహములు చెలరేగిన యా దినములలో మొరార్జీ దేశాయిగారు ఆ రాష్ట్రమునకు హోంమంత్రి. ఎవరి వృత్తి వారికుండగా, తీరిక వేళల ఊరిని కాపాడుటయే దళము నుద్దేశము. మన ఆంధ్రమున దీనికి 1948 నాటి చట్టము మూలము. 1962లో చైనా యుద్ధము పిమ్మట కేంద్రప్రభుత్వము సలహాపై రాష్ట్రము లన్నిటను ఈ దళము లొక్క తీరున వ్యాపించినవి. స్త్రీలును చేరిరి.

కాలక్రమమున పలువురకు ఆ తీరిక వేళ సేవయే జీవనాధార మైనది. కూడలి, జాతర, ఎన్నికలు, దసరాకు ఇంద్రకీలాద్రి వరుసలు – పని పెరిగినది గాని పేరు మాఱలేదు. నెలజీతము గాక దినభత్యము. పోలీసులకుండు పింఛను వీరికి లేదు. ఆంధ్రప్రదేశమున 2019లో దినభత్యమును 600 రూపాయలనుండి 710కి పెంచిరి. ముప్పది దినములును పని చేసిన 21,300 రూపాయలు. అద్దె, బియ్యము, బడి రుసుములు, ముసలివారి మందులు దీనిలోనే సర్దవలయును.

హిమాచలప్రదేశపు హోంగార్డులు న్యాయము కోరగా, 2015 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వీరు స్వచ్ఛంద సేవకులే గాన ఉద్యోగములను స్థిరపఱచుట కుదరదనియు, అయినను ముప్పది దినముల భత్యము పోలీసు కనీస వేతనమునకు తగ్గరాదనియు నందు గలదు. కూలి విషయమున న్యాయము కొంత జరిగినది. ముదిమి విషయ మట్లే యున్నది.

సేవ యను మాట పవిత్రమైనది. కాని తెల్లవాఱుజామునుండి రాత్రివఱకు చేయు చాకిరికి ఆ మాటయే ప్రతిఫలమైనచో నెట్లుండునో మన స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱ లేదు. తీరిక వేళ పనియైన తీరిక వేళకే పరిమితము చేయవలయును. పూర్తి పనియైన వార్ధక్యమునకును భద్రత చూపవలయును. ఇదియే మా మనవి. అంతవఱకు, దారిలో చేయెత్తి యాపిన హోంగార్డు మాటను మన్నించుటయైనను మన బిడ్డలకు నేర్పుదము.