వెదురుతో ఎగిరిన తూనీగ

మన సీతంపేట, పార్వతీపురం కొండలలో పెరిగే వెదురును ఎరుగనివారు మనలో ఉండరు. ఇంటికప్పు మొదలు కావడిబద్ద వరకు అది ఎన్నో విధముల మనకు ఉపకరించుచున్నది. అట్టి వెదురు బొంగులతో 1907వ సంవత్సరముననే పారిస్ నగరమున ఒక విమానము తయారై ఎగిరినది. సొంతముగా నిర్మించుకొనదగిన తేలికపాటి విమానములకు దీనినే మూలపురుషునిగా మేము భావించుచున్నాము.

దీని నిర్మాత అల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ బ్రెజిల్ దేశమునకు చెందిన కాఫీతోటల యజమాని కుమారుడు. 1901లో గాలిఓడపై ఈఫెల్ గోపురమును చుట్టివచ్చి బహుమతి గెలుచుకొన్నాడు. 1906లో విమానముతో పారిస్ ప్రజల సమక్షమున నేలనుండి పైకి లేచినాడు. అటుపిమ్మట ఒక్క మనిషికి సరిపడు చిన్న విమానముపై ఆయన దృష్టి పడినది. దానికి పెట్టిన పేరు ‘డెమాయిసెల్’. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కన్య అనియు, తూనీగ అనియు రెండర్థములు కలవు.

ఇక నిర్మాణము చూతము. 1909 నాటికి కుదిరిన రూపములో మూడు పొడవైన వెదురు బొంగులు త్రికోణాకృతిలో చేరి దేహమైనవి. వెదురే ఎందుకు? గుల్లగా నుండు గొట్టములో పదార్థమంతయు అంచున నుండుటచేత, అంతే బరువుగల గట్టికర్రకంటె అది వంపునకు ఎక్కువ తట్టుకొనును. అయితే మేకు దిగగొట్టినచో వెదురు నిలువునా చీలును. మన వడ్రంగులెవరిని అడిగినను ఈ మాటే చెప్పుదురు. అందుచేత అతుకుల వద్ద లోహపు తొడుగులు వాడినారు. రెక్కలకు పట్టుగుడ్డ కప్పినారు. రెక్కల కొలత ఈ చివరనుండి ఆ చివరకు 5 మీటర్లకు కొంచెము పైన. మొత్తము బరువు సుమారు 110 కిలోలు. సుమారు 30 అశ్వశక్తిగల ఇంజను రెక్కలపైన ముందుభాగమున ఉండగా, నడుపువాడు రెక్కల క్రింద, రెండు చక్రముల నడుమ కూర్చుండును.

అన్నిటికంటె విచిత్రమైనది దానిని నడుపు విధానము. తోక మొత్తము ఒకే కీలుపై నలువైపులకు తిరుగును. రెక్కలను మెలిత్రిప్పు మీట మాత్రము నడుపువాని కోటు వీపున కుట్టిన జేబులో అమరియుండును! అతడు ప్రక్కకు ఒరిగినచో రెక్కలు దానికి తగినట్లు మెలితిరుగును. సైకిలు తొక్కువాడు మలుపులో ఒరుగుట వంటిదే ఇది. 1909 సెప్టెంబరులో ఆయన 8 కిలోమీటర్ల దూరమును 5 నిమిషములలో దాటినాడు.

రైటు సోదరులు తమ పేటెంటు కొరకు న్యాయస్థానములకెక్కిన రోజులవి. శాంటోస్ డ్యూమాంట్ మాత్రము తన విమానమునకు పేటెంటు తీసికొనలేదు. అమెరికాలోని ‘పాపులర్ మెకానిక్స్’ పత్రిక 1910 జూన్, జూలై సంచికలలో దాని నమూనా పటములను ప్రకటించినది. కోరినవారెవరైనను వాటిని చూచి నిర్మించుకొనవచ్చును. ఇంతటి ఔదార్యము ఆనాడే కాదు, ఈనాడును అరుదే.

కాని పటము చేతికి వచ్చినంతమాత్రమున విమానము లొంగునా? ఇక్కడనే అసలు చిక్కున్నది. శాంటోస్ డ్యూమాంట్ పొట్టివాడు. ఆయన బరువు సుమారు 50 కిలోలు. చిన్న రెక్కలతో ఎక్కువ బరువు మోయవలెనన్న వేగము హెచ్చవలెను. వేగము హెచ్చిన కొలది దిగుట కష్టము. ఆయన దేహమునకు కుట్టిన చొక్కా వంటి ఆ విమానము లావుపాటివారికి ఇమడలేదు. క్లెమాఁ బయార్ కర్మాగారము 100 విమానములు చేయదలచి 50 చేయగా, అమ్ముడుపోయినవి 15 మాత్రమే. తరువాత ప్రఖ్యాతి గాంచిన రోలాఁ గారోస్ మాత్రము దీనిపైననే విద్య నేర్చినాడు.

1910 జనవరిలో ఒక తీగ తెగి, రెక్క విరిగి, శాంటోస్ డ్యూమాంట్ కూలిపడినాడు. ప్రాణము దక్కినది గాని, అనారోగ్యము కూడ తోడై ఆ సంవత్సరమే విమానయానము మానుకొన్నాడు. 1932లో మరణించినాడు. ఆయన తూనీగలలో ఒకటి పారిస్ సమీపమున లె బూర్జే విమాన ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.