చుక్క గుర్తు ఎవరి రికార్డుకి పెట్టాలి?

బేస్‌బాల్ మన వాడల్లో ఆడే ఆట కాదు. దాని గురించి ఈ పత్రికలో ఎందుకని అడిగే మిత్రులుంటారు. అమెరికాలో ఆ ఆట రికార్డుల మీద దశాబ్దాలుగా నడుస్తున్న తగాదా వింటుంటే, 1990లో మండల్ సిఫార్సులప్పుడు మెరిట్ పేరుతో మన దేశంలో జరిగిన రభసే చెవిన పడుతుంది. అందుకే రాస్తున్నాం.

ముందు ఆట సంగతి. హోమ్ రన్ అంటే దాదాపు క్రికెట్ సిక్సర్ లాంటిది. కొట్టిన బంతి కంచె దాటి పడాలి. మొత్తం ఎవరెన్ని కొట్టారన్నది అక్కడ పిల్లలకి కూడా నోటికొచ్చే లెక్క. 1935లో ఆట మానేసిన బేబ్ రూత్‌వి 714. దాన్ని 1974లో హాంక్ ఆరన్ దాటి 755 దగ్గర ఆగాడు. ఆ అంకెని 2007లో బారీ బాండ్స్ దాటి 762 చేశాడు. రూత్ తెల్లవాడు, మిగతా ఇద్దరూ నల్లవాళ్ళు. ఒక్క సీజన్ లెక్క వేరే ఉంది: 1927లో రూత్ 60, 1961లో రోజర్ మారిస్ 61, 1998లో మార్క్ మెగ్వైర్ 70, 2001లో బాండ్స్ 73.

ఈ చివరి రెండు అంకెల దగ్గరే మందుల గొడవ మొదలవుతుంది. కండబలం పెంచే స్టెరాయిడ్లు వాడానని మెగ్వైర్ 2010లో ఒప్పుకున్నాడు. తెలిసి వాడలేదని బాండ్స్ అన్నాడు, ఎక్కువమంది నమ్మలేదు. బాండ్స్ కొట్టిన 756వ బంతిని ఒక వ్యాపారి 7 లక్షల డాలర్లకి పైగా పెట్టి కొని, జనం చేత ఓట్లేయించి, దాని మీద చుక్క గుర్తు కోయించి కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి పంపాడు. చుక్క గుర్తంటే, ఈ అంకె వెనక ఒక షరతుంది, జాగ్రత్తగా చదువుకోండి అని.

షరతు పెట్టడం తప్పని మేము అనం. మందులు ఆటగాడి ఒంటిని పాడుచేస్తాయి, వాడనివాణ్ణి వెనక్కి నెడతాయి. కానీ ఆ మందుల వల్ల లాభపడింది ఆటగాళ్ళొక్కళ్ళేనా? స్టెరాయిడ్లు కూడదని కమిషనర్ సర్క్యులర్ పంపింది 1991లో. పరీక్షలు మొదలైంది 2003లో. ఈ మధ్యలో, 1994 సమ్మెతో ఆ ఏడాది ఫైనల్ పోటీలే రద్దయి జనం దూరమైతే, 1998లో మెగ్వైర్, సోసాల హోమ్ రన్ల పోటీ వాళ్ళని మళ్ళీ మైదానాలకి రప్పించింది. టికెట్ల డబ్బు యజమానులకి చేరింది. ఇక గౌరవం సంగతి చూడండి. బాండ్స్‌కి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కేటన్ని ఓట్లు పాత్రికేయులు 2022 దాకా పదిసార్లూ వెయ్యలేదు. ఆ కాలంలో ఆట మీద పెత్తనం చేసిన కమిషనర్ బడ్ సీలిగ్‌ని 2017లో లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. తెల్లవాడైన మెగ్వైర్ కూడా బయటే ఉన్నాడు కాబట్టి ఇది ఒట్టి రంగు గొడవ అనలేం. కూలీకి శిక్ష, మేస్త్రీకి శాలువా, అంతవరకు అనొచ్చు.

రంగు గొడవ అంతకు ముందుది, అంతకన్నా లోతైనది. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లవాడు పెద్ద లీగులో ఆడాడు. ఆ తర్వాత 1947 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. నల్లవాళ్ళని తీసుకోకూడదన్న నిబంధన పుస్తకంలో ఎక్కడా లేదు. మన హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతికి మాత్రం బోర్డు ఎవరు రాశారు? పూనాలో పల్వంకర్ బాలూ బౌలింగ్ కావాలి గానీ, టీ వేళకి ఆయనకి బయట మట్టి ముంతలో పోసేవాళ్ళు. 1911లో ఇంగ్లండులో 100కి పైగా వికెట్లు తీసి వచ్చినా హిందూ జట్టు కెప్టెన్‌ని చెయ్యలేదు. దానికీ రాతకోతలేం లేవు.

రూత్ ఆడింది 1914 నుంచి 1935 దాకా. అంటే ఆ 714లో ఒక్కటి కూడా నల్లవాడు విసిరిన బంతి మీద కొట్టింది కాదు. సాచెల్ పేజ్ లాంటి బౌలర్‌ని ఆయన లెక్కలోకొచ్చే ఏ ఆటలోనూ ఎదుర్కోనక్కర్లేకపోయింది. పేజ్‌కి పెద్ద లీగులో చోటు దొరికేసరికి 42 ఏళ్ళు. పోటీదారులని ముందే గేటు బయట నిలబెట్టడం కన్నా బలమైన మందు ఏముంది? అది ఏ మూత్ర పరీక్షకీ దొరకదు. పైగా ఒక్కడికి కాదు, లోపలున్న ప్రతి తెల్లవాడికీ పనిచేసింది.

మారిస్ 61 కొట్టినప్పుడు సీజన్‌కి 154 ఆటలు పోయి 162 అయ్యాయి. ఆ ఎనిమిది ఆటల తేడాకి, రూత్ రికార్డునీ అతని రికార్డునీ విడివిడిగా చూపాలని కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ పట్టుబట్టాడు. (ఈయన ఒకప్పుడు రూత్ పేరుతో వ్యాసాలు రాసిపెట్టిన విలేఖరి.) 1991 దాకా అలాగే నడిచింది. ఎనిమిది ఆటలకి ఇంత పట్టింపు ఉన్నవాళ్ళకి అరవై ఏళ్ళ వెలి కనపడలేదు.

ఆరన్ విషయంలో మందుల అనుమానం కూడా లేదు. 1973లో ఆయనకి 9 లక్షలకి పైగా ఉత్తరాలొచ్చాయి. మెచ్చుకున్నవి చాలా ఉన్నాయి, చంపుతామన్నవీ ఉన్నాయి. పోలీసు కాపలాతో తిరుగుతూ రూత్‌ని దాటాడు. రూత్ కన్నా దాదాపు 4 వేలసార్లు ఎక్కువ బ్యాటు పట్టాడు కదా అన్న వంక అప్పుడూ తీశారు.

ఇక జాష్ గిబ్సన్. నల్లవాళ్ళ లీగుల్లో అందరికన్నా పేరున్న హిట్టర్. 1947 జనవరిలో 35 ఏళ్ళకి చనిపోయాడు, రాబిన్సన్ రావడానికి మూడు నెలల ముందు. హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద ఆయన హోమ్ రన్లు దాదాపు 800 అని ఉంది. పెద్ద లీగుల అధికార లెక్కలో 200 కూడా లేవు. నల్లవాళ్ళ లీగుల్లో లెక్కకొచ్చే ఆటలు తక్కువ, పొట్టకోసం ఊరూరూ తిరిగి ఆడినవి ఎక్కువ. ఆ ఆటల స్కోర్లు వేసే పత్రికలు అరుదు. 1920 నుంచి 1948 దాకా నడిచిన ఆ లీగుల్ని 2020 డిసెంబరులో పెద్ద లీగులుగా గుర్తించి, 2024 మేలో అంకెలు కలిపారు. దాంతో బ్యాటింగ్ సగటులో గిబ్సన్ .372తో మొదటికొచ్చాడు. అప్పటిదాకా మొదట ఉన్న టై కాబ్‌ది .367. హోమ్ రన్ల వరస మాత్రం కదల్లేదు.

ఆ కలపడం మీద కూడా గోల చేశారు. లెక్కలు అసంపూర్ణం, ఆటలు తక్కువ అన్నారు. నిజమే, అసంపూర్ణమే. ఎవరు చేశారట అసంపూర్ణం? గిబ్సన్ 162 ఆటలు ఆడనన్నాడా?

టీచర్ మిత్రులు తరగతిలో పైన చెప్పిన అంకెలన్నీ ఒక పట్టికగా రాయించవచ్చు. పేరు, ఏడు, సంఖ్య రాశాక ఇంకో గడి గీయించండి: ఆ ఏడు మైదానంలోకి ఎవరిని రానివ్వలేదు? రూత్ పేరుకి ఎదురుగా ఉన్న గడి ముందు నింపించండి.