సెప్సిస్‌లో ప్రొకాల్సిటోనిన్ ఏం చెబుతుంది?

థైరాయిడ్ గ్రంథి తయారుచేసే కాల్సిటోనిన్ హార్మోనుకు ముందు రూపం ప్రొకాల్సిటోనిన్. ఆరోగ్యవంతుల రక్తంలో ఇది మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము కూడా ఉండదు. బాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరితే మాత్రం థైరాయిడ్‌తో పని లేకుండా కాలేయం, ఊపిరితిత్తులు, కొవ్వు కణజాలం కూడా దీన్ని రక్తంలోకి వదులుతాయి. కొద్ది గంటల్లోనే తేడా తెలుస్తుంది. వైరస్ జ్వరాల్లో సాధారణంగా ఇంతగా పెరగదు. 1993లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈ సంగతి లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించాక వైద్యులకు పెద్ద ఆశ కలిగింది.

ఆశ పుట్టడానికి కారణం ఉంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే అదుపు తప్పి సొంత అవయవాలను దెబ్బతీయడం సెప్సిస్. 2017లో ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల మరణాలు దీనికి సంబంధించినవేనని అంచనా. రక్తంలోని బాక్టీరియాను పెంచి గుర్తించే బ్లడ్ కల్చర్ ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది. రోగికి అంత వ్యవధి ఉండదు. 1930లోనే కనుగొన్న సీఆర్‌పీ అనే రక్తంలోని ప్రోటీన్ స్థాయి త్వరగా తెలుస్తుంది గానీ, కీళ్లవాతం లాంటి జబ్బుల్లోనూ పెరుగుతుంది. రక్తంలో లాక్టేట్ పెరిగితే పరిస్థితి విషమిస్తోందని అర్థమవుతుంది, కారణం మాత్రం తెలియదు.

ప్రొకాల్సిటోనిన్ కూడా ఆ ఆశను పూర్తిగా తీర్చలేదు. పెద్ద ఆపరేషన్ తర్వాతా, ఒళ్లు కాలినప్పుడూ, శిశువు పుట్టిన తొలి రెండు రోజుల్లోనూ పెరుగుతుంది. కొందరు సెప్సిస్ రోగుల్లో మొదట తక్కువగానే ఉంటుంది. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఈ అంకె చూసి తేల్చవద్దని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

నా దృష్టిలో దీని అసలు విలువ ఆ తర్వాతి రోజుల్లో ఉంది. ఇన్ఫెక్షన్ అదుపులోకి వస్తే ప్రొకాల్సిటోనిన్ రోజుకు దాదాపు సగానికి పడిపోతుంది. నెదర్లాండ్స్ ఐసీయూల్లో 1,500 మందికి పైగా రోగులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఒక నియమం పెట్టారు: గరిష్ఠ స్థాయి నుంచి 80 శాతం తగ్గినా, 0.5 నానోగ్రాములకు దిగినా మందు ఆపమని వైద్యుడికి సలహా ఇవ్వాలి. ఈ నియమం పాటించిన వర్గంలో యాంటీబయాటిక్ వాడకం 7 రోజుల నుంచి 5కు తగ్గింది. 28 రోజుల్లో మరణించినవారు 20 శాతం. మామూలు పద్ధతి పాటించిన వర్గంలో 25 శాతం. మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్న మన ఆస్పత్రుల్లో ఆ రెండు రోజుల ఆదా చిన్నదేమీ కాదు.

జ్వరంతో పాటు మగత, ఆయాసం, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గడం కనిపిస్తే ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే రోగిని ఆస్పత్రికి తీసుకెళ్లండి.