చౌమహల్లా గోడలను కాపాడే సున్నం

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న చౌమహల్లా ప్యాలెస్ నిజాముల దర్బారు సాగిన చోటు. 18వ శతాబ్దం మధ్యలో సలాబత్ జంగ్ హయాంలో మొదలైన నిర్మాణం అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857–69) పూర్తయింది. నాలుగు మహళ్లు ఉండటంతో చౌమహల్లా అన్న పేరు స్థిరపడింది. ఒకప్పుడు 45 ఎకరాల్లో పరుచుకున్న ఆవరణలో ఇప్పుడు మూడో వంతు కూడా మిగల్లేదు.

సంస్థానం పోయాక ప్యాలెస్ దశాబ్దాల పాటు ఆలనాపాలనా లేక శిథిలమైంది. నిజాం వారసుడు ముకర్రం జా మాజీ భార్య, యువరాణి ఎస్రా పూనుకోవడంతో, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా వంటి నిపుణుల సాయంతో 2000 తర్వాత మళ్లీ ప్రాణం పోసుకుంది. ఇప్పుడది మ్యూజియం. 2010లో ఈ కృషికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది.

ఇలాంటి కట్టడంలో అడుగుపెట్టగానే చూపు షాండ్లియర్ల మీదికి పోతుంది. బాగుచేసేవాళ్లు మాత్రం ముందు కప్పు ఎక్కుతారు. పాత గోడను కూల్చేది ఎక్కువగా నీరే. తూములో ఆకులు అడ్డుపడితే వాన నీరు కప్పు మీదే నిలిచి, పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. ఆ పగులులో పక్షి రెట్టతో పడిన రావి విత్తనం మొలిస్తే, దాని వేరు గోడనే చీల్చేస్తుంది. పునాది నుంచి పైకి పాకే చెమ్మ మరో బెడద. అది తనతో తెచ్చిన లవణాలు గోడ ఆరగానే గట్టిపడి గచ్చును పెళ్లలు పెళ్లలుగా రాలుస్తాయి. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా పూత వేస్తే ఆ ఖర్చంతా వృథా.

ఏ పూత వేయాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. సున్నపు గోడకు సూక్ష్మరంధ్రాలుంటాయి. లోపలి తడి వాటి గుండా బయటికి ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ లోపలే ఉండి రాతిని, ఇటుకను తినేస్తుంది. చూడ్డానికి గట్టిగా కనిపించే మరమ్మతే ఇక్కడ హాని చేస్తుంది. పాత కట్టడాలకు జరిగిన నష్టంలో ఇంత బాధ కలిగించేది మరొకటి లేదు, ఎందుకంటే అది మంచి ఉద్దేశంతోనే జరిగింది.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన సున్నం మీద నీళ్లు పోయగానే అది కుతకుతమని విరుగుతుంది. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నూరితే డంగు సున్నం తయారు. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలపడం పాత మేస్త్రీల పద్ధతి. గోడకెక్కాక సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ తిరిగి రాయిగా మారుతుంది. ఇది నెలల తరబడి సాగే పని. తొందరపడి పొర మీద పొర వేస్తే పగుళ్లిస్తుంది. అందుకే ఈ పని తెలిసిన మేస్త్రీ దొరకడం డబ్బు సమకూరడమంత ముఖ్యం.

లోపలి వస్తువుల సంగతి వేరు. వెలుతురు చేసిన నష్టాన్ని పూడ్చలేం. వెలిసిన పట్టుబట్టకు రంగు మళ్లీ ఎక్కదు. అందుకే బట్టలున్న గదిలో కాంతిని 50 లక్స్‌కు మించనివ్వరు. ఎండాకాలపు పొడిగాలికి కుంచించుకుపోయిన కలప వానాకాలంలో ఉబ్బుతుంది కాబట్టి గదుల్లో తేమను రోజూ కొలిచి రాసుకోవాలి. చౌమహల్లాలోని ఖిల్వత్ దర్బారు హాల్లో ఉన్న 19 బెల్జియం షాండ్లియర్ల వంటివాటిని శుభ్రం చేయాలంటే ఒక్కో గాజు బిళ్లను విప్పి, దాని చోటు గుర్తుపెట్టుకొని, తుడిచి, తిరిగి అక్కడే బిగించాలి.

మొదటి చినుకు పడకముందే తూములన్నీ తెరవడం, కప్పు మీద మొలకలు పీకడం, కలప దగ్గర చెదపుట్టలు వెతకడం ఏటా తప్పని పనులు. చేసిన ప్రతి మరమ్మతునూ ఫొటోలతో, వాడిన సున్నం పాళ్లతో సహా ఒక పుస్తకంలో నమోదు చేయాలి. యాభై ఏళ్ల తర్వాత అదే గోడను విప్పే మేస్త్రీకి ఏది పాతదో, ఏది కొత్తదో ఆ పుస్తకమే చెబుతుంది.