మీకు తెలుసా? ఖాళీ ఉన్నా ‘చోటు లేదు’ అనే డ్రైవ్

రాత్రి మొదలైన సర్వర్ బ్యాకప్ సగంలో ఆగిపోయింది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో చూస్తే వందల జీబీలు ఖాళీ! పాడైందనుకుని కొత్తది కొనేయకండి. ముందు దాని ఫార్మాట్ చూడండి. 1996లో విండోస్ 95 సవరించిన కూర్పుతో వచ్చిన ఫ్యాట్32 అనే ఫార్మాట్ ఒక్కో ఫైలు సైజును 32 బిట్లలో రాసుకుంటుంది. వాటిలో పట్టే అతిపెద్ద సంఖ్య 4,294,967,295. అంటే ఏ ఫైలైనా 4 జీబీకి ఒక్క బైటు తక్కువలోనే ఉండాలి. కొన్ని బ్యాకప్ ప్రోగ్రాములేమో సర్వర్ మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా మూటగడతాయి మరి!

 

విండోస్ సర్వర్ అయితే డ్రైవ్‌లోని పాత ఫైళ్లు వేరేచోట దాచుకుని, ఈ 4 జీబీ పరిమితి లేని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి.