సంప్రదాయ ఎడిటరా, ఏఐ సహాయకుడా? కోడ్ రచనలో వచ్చిన మార్పు ఏమిటి?

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): ఖరగ్‌పూర్ జంక్షన్‌లో ఒక బండికి మార్గం ఖరారైన తరువాత, దానికి అడ్డువచ్చే మరే మార్గానికీ సిగ్నల్ లభించదు. ఈ కట్టుబాటును అమలు చేసే వ్యవస్థను ఇంటర్‌లాకింగ్ అంటారు. ఒకప్పుడు ఇనుప లీవర్లు, ఆ తరువాత రిలేలు చేసిన ఈ పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. 2017 నవంబరులో ఈ స్టేషన్‌లో 800 మార్గాలను నియంత్రించే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమలులోకి వచ్చింది.

ఇదే పట్టణంలో, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ఆరంభమైన దేశపు తొలి ఐఐటీ ఉంది. అక్కడ లోహశాస్త్రం చదివిన సుందర్ పిచాయ్ గూగుల్ అధిపతి హోదాలో 2024 అక్టోబరులో ఒక విషయం వెల్లడించారు. తమ సంస్థలో కొత్తగా రాస్తున్న కోడ్‌లో నాలుగో వంతుకు పైగా కృత్రిమ మేధ ద్వారానే తయారవుతోందని, ఇంజనీర్లు దానిని పరిశీలించి ఆమోదిస్తున్నారని ఆయన తెలిపారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల కూడా 2025 ఏప్రిల్‌లో తమ కోడ్ భాండాగారాలలో 20 నుంచి 30 శాతం వరకు సాఫ్ట్‌వేరే రాసినది ఉండవచ్చని అన్నారు.

ఈ రెండు ప్రకటనల తరువాత ఇంజనీరింగ్ విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఒకే ప్రశ్న వేధిస్తోంది. కోడ్‌ను యంత్రమే రాస్తే మనిషి నేర్చుకోవలసినది ఏమిటి? దీనికి సమాధానం వెదకాలంటే, పాత పరికరాలు ఏం చేసేవో, కొత్తవి ఏం చేస్తున్నాయో ముందుగా తెలుసుకోవాలి.

సంప్రదాయ ఎడిటర్ చేసే పని

ప్రోగ్రామర్ కోడ్ రాసేది ఎడిటర్‌లో. 1976లో బిల్ జాయ్ రూపొందించిన 'వీఐ' వంటి తొలితరం ఎడిటర్లు ప్రధానంగా వచనాన్ని దిద్దడానికి ఉపకరించేవి. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వేరుగా ఉండేది. 1983లో వచ్చిన టర్బో పాస్కల్ ఈ రెండింటినీ ఒకే తెరపైకి తెచ్చింది. 2001లో ఎక్లిప్స్, ఇంటెల్లిజే ఐడియా వెలువడ్డాయి. 2015లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన విజువల్ స్టూడియో కోడ్ నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న ఎడిటర్లలో ఒకటి.

ఈ పరికరాలు కూడా ప్రోగ్రామర్‌కు సూచనలు అందిస్తాయి. అయితే అవి నియమాల ఆధారంగా పుట్టిన సూచనలు. ఉదాహరణకు 'బండి' అనే వస్తువుకు నంబరు, వేగం, గమ్యం అనే మూడు లక్షణాలను ప్రోగ్రామర్ ముందే ప్రకటించి ఉంటే, 'బండి' అని టైప్ చేసి చుక్క పెట్టగానే ఎడిటర్ ఆ మూడింటినే చూపుతుంది. ప్రకటించని లక్షణాన్ని ఊహించి చూపదు. ఒక పేరును మార్చమంటే, ఆ పేరు ఎక్కడెక్కడ వాడారో వాక్యనిర్మాణాన్ని బట్టి గుర్తించి అక్కడే మారుస్తుంది. అదే కోడ్‌పై అదే ఆదేశాన్ని ఎన్నిసార్లు ఇచ్చినా ఫలితం మారదు. వ్యాకరణ సూత్రం తెలిసినవారు సంధిని విడదీసినట్లే ఇదీ జరుగుతుంది.

ఏఐ పరికరం పనితీరు

ఏఐ పరికరాల మార్గం వేరు. రైలు ప్రయాణం అలవాటైన తెలుగువారెవరైనా స్టేషన్‌లో 'దయచేసి వినండి' అన్న మాట వినగానే, తరువాత 'బండి నంబరు' అని వస్తుందని ఊహించగలరు. వేలసార్లు విన్న అనుభవమే దానికి కారణం. భారీ భాషా నమూనాలు సైతం ఇదే సూత్రంపై పనిచేస్తాయి. అపారమైన కోడ్‌ను, వచనాన్ని చదివించిన మీదట, ఏ ముక్క తరువాత ఏ ముక్క రావడానికి ఎంత అవకాశం ఉందో అవి లెక్కిస్తాయి. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన 'ట్రాన్స్‌ఫార్మర్' నిర్మాణం ఈ లెక్కను సుసాధ్యం చేసింది.

ఈ సాంకేతికతతో గిట్‌హబ్ సంస్థ 2021 జూన్‌లో 'కోపైలట్'ను పరిమితంగా, 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. విజువల్ స్టూడియో కోడ్ పునాదిపై నిర్మించిన 'కర్సర్' వంటి ఎడిటర్లు ఆ తరువాత వచ్చాయి. తొలి దశలో ఈ పరికరాలు ఒకటి రెండు పంక్తులు సూచించేవి. ఇప్పుడు 'ఏజెంట్' రూపంలో అనేక ఫైళ్లను చదివి, మార్పులు చేసి, పరీక్షలు నడిపి, పొరపాటు కనిపిస్తే తామే సరిదిద్దుకునే ప్రయత్నం చేస్తున్నాయి.

స్టేషన్ ప్రకటన ఉదాహరణలోనే ఈ పద్ధతి పరిమితి కూడా ఉంది. 'బండి నంబరు' అన్న మాట వరకు అలవాటును బట్టి ఊహించవచ్చు. అసలు నంబరును మాత్రం ఊహించరాదు, సమయపట్టిక చూసి చెప్పాలి. నమూనాకు ఆ పట్టిక అందుబాటులో లేకపోతే, నిజమైన నంబరులాగే కనిపించే మరో నంబరును చెప్పే ప్రమాదం ఉంది. ఏఐ పరికరాలు లేని ఫంక్షన్లను, లేని లైబ్రరీలను పేర్కొనడానికి మూలం ఇదే. అక్షరదోషమైనా లేకుండా, ఎంతో నమ్మకంగా రాయడం వల్ల ఆ తప్పు కంటికి త్వరగా ఆనదు.

సందిగ్ధతను ఎవరు తీరుస్తారు?

రెండు పద్ధతుల మధ్య లోతైన భేదం భాషకు సంబంధించినది. 'బండి వెళ్లాక గేటు తీయాలి' అన్న తెలుగు వాక్యాన్ని పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది. రైల్వే గేటు దగ్గర నిలబడినవారికి ఇందులో సందేహం ఉండదు. ప్రోగ్రాం రాయవలసినవారికి మాత్రం సందేహాలు మొదలవుతాయి. 'వెళ్లాక' అంటే ఇంజన్ దాటాకనా, చివరి పెట్టె దాటాకనా? రెండో పట్టాలపై ఎదురు బండి వస్తుంటే ఏం చేయాలి? బండి వచ్చిందో లేదో తెలిపే పరికరమే చెడిపోతే గేటు తీయాలా, వేసి ఉంచాలా?

సంప్రదాయ పద్ధతిలో ప్రతి షరతునూ ప్రోగ్రామర్ స్వయంగా రాయాలి. రాసే క్రమంలోనే ఈ ప్రశ్నలు ఎదురవుతాయి. అన్నింటికీ జవాబు దొరుకుతుందన్న హామీ లేకున్నా, ఆగి ఆలోచించే అవకాశం కలుగుతుంది. ఏఐ పరికరానికి ఆ వాక్యాన్ని ఇస్తే, అది ఒక అర్థాన్ని ఎంచుకుని కొన్ని క్షణాలలో కోడ్ అందించవచ్చు. ఏ అర్థాన్ని ఎంచుకున్నదో అడిగితే తప్ప చెప్పకపోవచ్చు. కోడ్ కంపైల్ అవుతుంది, నడుస్తుంది కూడా. ఎదురు బండి వచ్చిన రోజున గాని లోపం బయటపడదు.

అందువల్ల కంపైలర్ పట్టుకునే తప్పులను, పట్టుకోలేని తప్పులను వేరుగా చూడాలి. లేని పేరును వాడితే కంపైలర్ నిలదీస్తుంది. తప్పుడు ఉద్దేశాన్ని సరైన వాక్యంలో రాస్తే ఏ యంత్రమూ నిలదీయదు.

వేగం నిజంగా పెరుగుతోందా?

ఈ విషయంలో అధ్యయనాల ఫలితాలు భిన్నంగా ఉన్నాయి. 2023లో వెలువడిన ఒక ప్రయోగంలో 95 మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్‌ను నిర్మించే పని అప్పగించారు. కోపైలట్ వాడినవారు వాడనివారికన్నా 55.8 శాతం తక్కువ సమయంలో ఆ పనిని పూర్తి చేశారు. గిట్‌హబ్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇందులో పాల్గొన్నారు.

2025 జూలైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ప్రచురించిన అధ్యయనం ఇందుకు విరుద్ధమైన చిత్రాన్ని చూపింది. తమకు బాగా పరిచయమున్న పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులలో 16 మంది అనుభవజ్ఞులు 246 పనులు చేశారు. ఏఐ వాడకానికి అనుమతి ఉన్న పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిసిన తరువాత కూడా ఆ అనుభవజ్ఞులు తమ వేగం సుమారు 20 శాతం పెరిగిందనే భావించారు.

ఈ రెండు అధ్యయనాలు కొలిచినది ఒకే రకమైన పనిని కాదు. మొదటిదానిలో ఖాళీ పేజీపై మొదలయ్యే చిన్న పని, అటువంటి పరిష్కారాలు లోకంలో వేలకొద్దీ ఉన్న పని ఇచ్చారు. రెండోదానిలో ఏళ్ల తరబడి పెరిగిన ప్రాజెక్టులు, రాతలో లేని సంప్రదాయాలు ఉన్నాయి. అక్కడ యంత్రం రాసినదాన్ని చదివి, సరిచూసి, దిద్దడానికి అదనపు సమయం పట్టింది. పరికరాలు నెలనెలా మారుతున్నందున ఈ అంకెలను శాశ్వత తీర్పుగా తీసుకోరాదు. అయినా వేగం పెరిగిందన్న అనుభూతి, గడియారం చూపే వేగం వేరువేరు కావచ్చన్న హెచ్చరిక గమనించదగినది.

భద్రత, గోప్యత, ఖర్చు

2021లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు భద్రతా లోపాలకు అవకాశమున్న 89 సందర్భాలలో కోపైలట్‌ను పరీక్షించారు. అది రాసిన 1,689 ప్రోగ్రాములలో సుమారు 40 శాతం దాడులకు లొంగే విధంగా ఉన్నట్లు తేలింది. మనుషులు రాసిన కోడ్‌ను చదివి నేర్చుకున్న నమూనాకు, మనుషులు చేసిన తప్పులు కూడా అబ్బుతాయి.

సంప్రదాయ ఎడిటర్లు సొంత కంప్యూటర్‌లో ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తాయి. వాటిలో చాలా వరకు ఉచితంగా లభిస్తున్నాయి. ప్రముఖ ఏఐ పరికరాలలో ఎక్కువ భాగం కోడ్‌ను సుదూర సర్వర్లకు పంపి సమాధానం తెస్తాయి. పూర్తిస్థాయి వాడకానికి నెలవారీ చందా చెల్లించాలి. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖల కోసం పనిచేసేవారు తమ కోడ్ బయటకు వెళ్లడానికి అనుమతి ఉందో లేదో ముందే నిర్ధారించుకోవాలి. సొంత యంత్రంలో నడిచే చిన్న నమూనాలు ఇందుకు ప్రత్యామ్నాయమే గాని, వాటి సామర్థ్యం పరిమితం.

తెలుగులో ఆదేశిస్తే

ఖరగ్‌పూర్‌లో తెలుగు కొత్త భాష కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తర కోస్తా జిల్లాలకు చెందిన కుటుంబాలు ఇక్కడి వర్క్‌షాప్‌లో, రైల్వే కాలనీలలో స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఈ పట్టణపు తెలుగు జనాభాయే ప్రధాన కారణం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, తరగతిలో ఇంగ్లిష్ వాడే విద్యార్థికి ఏఐ పరికరాలు ఒక కొత్త సౌలభ్యాన్ని ఇస్తున్నాయి. అర్థంకాని కోడ్‌ను తెలుగులో వివరించమని అడగవచ్చు.

దీనికీ ఒక మూల్యం ఉంది. కంప్యూటర్ నిల్వ పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికి మూడు బైట్లు కావాలి. 'తెలుగు' అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. అదే మాటను ఇంగ్లిష్ లిపిలో రాస్తే ఆరు బైట్లే. నమూనాలు వచనాన్ని టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి లెక్కిస్తాయి. శిక్షణలో తెలుగు పాఠం తక్కువగా ఉండటం దీనికి తోడై, అదే విషయానికి తెలుగులో ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. కొత్త నమూనాలలో ఈ అంతరం కొంత తగ్గినా పూర్తిగా తొలగలేదు.

నేర్చుకునేవారికి దారి

రెండు పద్ధతులలో ఒకదానినే ఎంచుకోవలసిన అవసరం లేదు. ఏఐ రాసిన కోడ్‌ను నిగ్గుతేల్చేది సంప్రదాయ పరికరాలే. కంపైలర్, డీబగ్గర్, పరీక్షలు, మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ వంటి వ్యవస్థలు లేకుండా ఏజెంట్‌కు పని అప్పగించడం క్షేమకరం కాదు.

తొలి ఏడాది విద్యార్థి ముందుగా ఎడిటర్‌లో తానే రాసి, తప్పు సందేశాన్ని తానే చదివి దిద్దుకోవడం మేలు. ఆ తరువాత తన పరిష్కారాన్ని ఏఐ పరిష్కారంతో పోల్చుకోవచ్చు. ఉద్యోగంలో ఉన్నవారు పదేపదే వచ్చే పనులను, నమూనా పరీక్షలను, తెలియని భాషలో తొలి ముసాయిదాను ఏఐకి అప్పగించవచ్చు. కోడ్ అడగడానికి ముందు 'ఈ వాక్యానికి ఎన్ని అర్థాలున్నాయి, నీవు దేనిని ఎంచుకున్నావు?' అని అడగడం మంచి అలవాటు. పంక్తి పంక్తీ వివరించలేని కోడ్‌ను తన పేరిట సమర్పించకపోవడం అంతకన్నా ముఖ్యం.

మార్పును సరిచూడటం ఎంత ప్రాణప్రదమో ఈ ప్రాంతానికి వేరుగా చెప్పనవసరం లేదు. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాహానగా బజార్ స్టేషన్ వద్ద చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోని గూడ్సు బండిని ఢీకొన్న ఘటనలో 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పులలో, లెవెల్ క్రాసింగ్ గేటు పనుల అమలులో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా విచారణ తేల్చినట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఆ మార్పులు చేసింది మనుషులే, అందులో ఏఐ ప్రమేయం లేదు. కోడ్ అయినా, వైరింగ్ అయినా మార్పు చేసిన తరువాత దానిని సరిచూసి సంతకం చేసే బాధ్యత మనిషిదే. ఆ బాధ్యతను ఇప్పటికి ఏ ఎడిటరూ తీసుకోవడం లేదు.