సర్వరు యంత్రములు: రానున్న చేటును కనిపెట్టుట

పూర్వము బడిలెక్కలన్నియు కొయ్య బీరువాలో నుండెడివి. చెద పట్టకుండ, వాన తగులకుండ చూచుకొనిన చాలును. నేడు హాజరు, మార్కులు, ఫీజుల లెక్కలు మొదలగునవి కంప్యూటరులో నుండుచున్నవి. ఇట్టి సమాచారమును భద్రపరచి, కోరిన తక్షణమే ఇతర కంప్యూటరులకు అందించు యంత్రమునకు సర్వరు అని పేరు. మనము కొను రైలు టిక్కెట్టును, బ్యాంకు ఖాతాలోని నిలువయు ఎక్కడనో యొక సర్వరునుండి వచ్చునవే. అది రాత్రింబవళ్లు పనిచేయును. ఎంత మంచి యంత్రమైనను ఒకనాటికి చెడకమానదు. అది చెడకముందే కనిపెట్టుట సాధ్యమా? సాధ్యమైనచో దానితో మన పని తీరునా? ఈ రెండు ప్రశ్నలను విచారింతము.

మొదటి ప్రశ్న క్రొత్తది కాదు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను కంప్యూటరునందు సుమారు 18,000 వాక్యూం ట్యూబులుండెను. ఒక్కటి మాడినను లెక్క తప్పవచ్చును. కావున దానిని నిర్మించినవారిలో నొకరగు ఎకర్ట్ గారు ట్యూబులకు వాని శక్తికి తగ్గించియే విద్యుత్తునిచ్చి వాని ఆయుస్సును పెంచిరి. మాటిమాటికి ఆర్పి వెలిగించుటచే ట్యూబులు చెడుచున్నవని తెలిసినపిమ్మట యంత్రమును ఆపుటయే మానిరి. ఇది నివారణోపాయము.

కొన్ని యేండ్లకు మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో నిర్మింపబడిన వర్ల్‌విండ్ యంత్రమునందు వేరొక యుక్తి కనబడును. నిర్ణీత కాలములయందు దాని వోల్టేజిని బుద్ధిపూర్వకముగా హెచ్చించియు తగ్గించియు చూచెడివారు. బలమైన ట్యూబు ఆ పరీక్షకు నిలుచును. బలహీనమైనది తప్పు చేయును. ఎద్దును కొనబోవు రైతు దానిని నాగటికి కట్టి చూచుట వంటిదే యీ పరీక్ష. రేపు చెడబోవుదానిని నేడే పట్టి తీసివేయుటకు ఇది తోడ్పడెను.

నేటి సర్వరు తన్ను తానే పరీక్షించుకొనును. పెక్కు హార్డుడిస్కులలో పళ్లెములు నిమిషమునకు 7,200 మారులు తిరుగును. పళ్లెముమీద నొకచోటు చెడినయెడల డిస్కు ఆ చోటును విడిచి, అందులకై యుంచబడిన క్రొత్తచోటును వాడుకొని, ఆ సంగతిని లెక్కలో వ్రాసికొనును. ఇట్టి దినచర్యకు స్మార్ట్ అని పేరు. మెమరీలో నొక అంకె తారుమారైనచో సర్వరు దానిని దిద్దుకొనును. తప్పును కనిపెట్టుటయేగాక దిద్దెడి సంకేతపద్ధతిని రిచర్డ్ హామింగ్ అను గణితశాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించెను. దిద్దుబాట్ల సంఖ్య నానాటికి పెరుగుచున్నయెడల ఆ మెమరీని మార్చవలెను. ఫ్యాను వేగము తగ్గినను, పెట్టెలో వేడి హెచ్చినను యంత్రము తెలుపును.

ఈ హెచ్చరికల విలువ యెంత? 2007లో గూగుల్ సంస్థలోని పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి యొక పత్రమును ప్రకటించిరి. పళ్లెమును తడవి చూచునప్పుడు మొదటి తప్పు కనబడిన డిస్కు, అట్టి తప్పు లేనిదానికన్న 60 దినములలో చెడుటకు 39 రెట్లు ఎక్కువ అవకాశము కలదని వారు తేల్చిరి. కావున హెచ్చరిక వచ్చిన దినముననే సమాచారమును వేరొకచోటికి మార్చవలెను.

ఇది నేను పుస్తకములోగాక అనుభవమున నేర్చుకొంటిని. పూర్వము నేను పనిచేసిన యొక బడిలో కంప్యూటరు గది నా అధీనమున నుండెను. ఒక ఉదయము, డిస్కు చెడనున్నదను మాట తెరపై కనబడెను. పరీక్షల పని ముగిసినపిమ్మట చూతమని మీట నొక్కి ముందుకు సాగితిని. పదునొకండు దినములట్లే చేసితిని. పండ్రెండవ దినమున డిస్కు పలుకలేదు. త్రైమాసిక పరీక్షల మార్కులన్నియు పోయెను. అప్పటికే పత్రములను పిల్లలకిచ్చి వేసితిమి. వానిని మరల తెమ్మని అడిగి మార్కులెక్కించుకొంటిమి. ఒక బాలిక యిల్లు వానకు కారి ఆమె పత్రములు నాశనమయ్యెను. గణితమున ఆమె కష్టపడి తెచ్చుకొన్న మార్కులకు ఆధారము లేక ఆమెచేత మరల పరీక్ష వ్రాయింపవలసివచ్చెను. తప్పు నాది, శ్రమ ఆమెది.

ఇక రెండవ ప్రశ్న. హెచ్చరికలను శ్రద్ధగా గమనించిన చాలునా? చాలదు. ఆ పరిశోధకులే మరియొక సంగతి చెప్పిరి. చెడిన డిస్కులలో నూటికి 56కు పైగా, ముఖ్యమైన నాలుగు సూచనలలో నొక్కటియు చూపకయే చెడినవి. అనగా హెచ్చరిక లేకుండుట క్షేమమునకు గుర్తు కాదు.

తయారీదారులు చెప్పు పెద్ద సంఖ్యలకును భ్రమపడరాదు. కొన్ని డిస్కులకు సగటు ఆయువు 10,00,000 గంటలని వ్రాయుదురు. సంవత్సరమునకు 8,760 గంటలు. భాగించిన సుమారు 114 ఏండ్లు. ఒక డిస్కు 114 ఏండ్లు బ్రతుకునని దీనికర్థము కాదు. 114 డిస్కులుండిన ఏటికొకటి చెడవచ్చునని యర్థము. 2007లోనే ష్రోడర్, గిబ్సన్ అను విద్వాంసులు పరిశీలింపగా సామాన్యముగా నూటికి రెండు మొదలు నాలుగు వరకు ఏటేట మార్చవలసివచ్చుచున్నవని తేలెను.

కావున జోడుగా మరియొక రక్షణము కావలెను. 1988లో ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు రెయిడ్ అను పద్ధతిని వివరించిరి. విద్యార్థులారా, దాని కిటుకు మీ కూడికలలోనే యున్నది. ఒక డిస్కులో 7, రెండవదానిలో 5, మూడవదానిలో వాని మొత్తమగు 12 వ్రాయుదమనుకొనుడు. రెండవది చెడినచో 12 నుండి 7 తీసివేయగా పోయిన 5 దొరకును. ఇట్లు ఒక డిస్కు పోయినను పని నిలువదు. అయినను అగ్ని, పిడుగు, దొంగతనము, పొరబాటున చెరిపివేయుట, వీనికి రెయిడ్ మందు కాదు. అందులకు వేరొక ఇంటనుంచిన ప్రతి యుండవలెను. ఆ ప్రతి నిజముగా తెరచుకొనునో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను. తాళపుచెవి యున్నదనుట వేరు, అది తాళమునకు పట్టుననుట వేరు.

కావున పని నాలుగు విధములు: ధూళిని తుడిచి గాలి యాడునట్లు చేయుట, కరెంటు హెచ్చుతగ్గులకు యు.పి.ఎస్. నుంచుట, యంత్రము వ్రాసికొన్న లెక్కను వారమున కొకమారు చదువుట, ప్రతిని తెరచి చూచుట. తల్లిదండ్రులు సెల్‌ఫోనులో దాచుకొన్న ఫోటోలకును, సర్టిఫికెట్లకును కడపటి నియమము వర్తించును. పండ్రెండవ దినము ఎప్పుడు వచ్చునో మనకు తెలియదు. మొదటి దినముననే పని ముగించుకొనిన, ఏ బాలికయు మన అశ్రద్ధకు మరల పరీక్ష వ్రాయవలసిన యవసరముండదు.